మొదటి బిస్కెట్

పాలగిన్నె ఆమె ముక్కు కిందికి వచ్చింది.

"విరిగాయేమో చూడవే. నాకు అనుమానంగా ఉంది," అంది అత్తగారు.

ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి లాగింది. గిన్నె అంచు చల్లగా పై పెదవికి తగిలింది. అంతే. ఇంకేమీ రాలేదు. కళ్ళు తెరిచి గిన్నెని కొంచెం వంచింది. అంచు మీంచి జారే పాలలో పలుకులేమైనా ఉన్నాయా అని చూసింది. లేవు. చెత్తబుట్టలో పైనే పడి ఉన్న పాకెట్ మీద తేదీ చూసింది. ఎల్లుండి దాకా ఉంది.

"బాగానే ఉన్నాయి అత్తయ్యా."

"నీ ముక్కు బాగున్నాయంటే ఇంక తిరుగు లేదు," అని అత్తగారు నిశ్చింతగా గిన్నె స్టవ్ మీద పెట్టేసింది.

ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఆ మోసం నడుస్తోంది. ఒక్కళ్ళూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, ఒకసారి ఆమె మొహం వంక చూస్తే చాలు.

అప్పట్లో ఐదు రోజులు జ్వరం వచ్చింది. ఆరో రోజు తను లేవకపోతే పొయ్యి వెలిగించే దిక్కు లేక లేచింది. ఉల్లిపాయలు వేయిస్తోంటే కళ్ళ ముందు నల్లటి పొగ కనిపించింది. పొగ కనిపించాక గానీ మాడుతున్నాయని తెలియలేదు. భర్త గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వెళ్ళి చెప్పింది: "నాకు వాసన తెలియట్లేదండీ." అద్దంలోంచి చూడకుండానే, "జలుబు తగ్గితే అదే వస్తుందిలే. నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అన్నాడు. హాల్లోంచి అత్తగారు అందుకుంది: "వాసన లేకపోతే ఏం, చేతులున్నాయిగా! వంట చేతులతో చేస్తారా, ముక్కుతో చేస్తారా?" తల్లీ కొడుకులు నవ్వారు. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వింది. తర్వాత ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆమె కూడా మళ్ళీ చెప్పలేదు.

ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళివచ్చింది. నరం దెబ్బతిందనీ, రావచ్చు, రాకపోవచ్చు అనీ ఆయన చెప్పాడు. రోజూ నిమ్మతొక్క, లవంగం, సబ్బుముక్క వాసన చూస్తూ ఉండమన్నాడు. రోజూ పొద్దున్నే స్నానాల గదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున మూడు చిన్న సీసాలూ ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టుకునేది. మూడింట్లోనూ గాలే. ఇంట్లో ఉండేది ముగ్గురే అయినా ఎవరికీ తెలియనివ్వలేదు. కూరలో ఉప్పూ తీపీ నాలుకకి తెలుస్తాయి. మిగతావన్నీ చెంచా కొలతలతో, గడియారంతో నడిపేసింది. ఫ్రిజ్‌లో ప్రతి గిన్నె మీదా పెన్సిల్‌తో తేదీ రాసేది. గ్యాస్ కట్టేసి, మూడుసార్లు వెనక్కి వచ్చి పిడి తడిమి చూసుకునేది. తన ఒంటి వాసన ఎలా ఉంటోందో అన్న భయానికి రోజుకి రెండుసార్లు స్నానం చేసేది. ఆ మాట ఎవరినని అడుగుతుంది? చనిపోయిన వాళ్ళమ్మ స్వెట్టర్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. మొదటి నెలంతా రోజూ కవరు విప్పి మొహం దాంట్లో పెట్టుకునేది, ఇవాళైనా వస్తుందేమో అని. ఒకరోజు ఉన్నట్టుండి తట్టింది. విప్పినప్పుడల్లా అమ్మ వాసన బయటికి పోతోంది. తనకి అందకుండానే పోతోంది. ఆ రోజు కవరుకి గట్టిగా ముడివేసి బీరువా అడుగున పెట్టేసింది. మళ్ళీ విప్పలేదు.

"రేపు పదింటికి కార్యక్రమం," అన్నాడు భర్త, టీ కప్పు చేతిలోకి తీసుకుంటూ. "ఐస్ నీళ్ళూ అవీ తాగకు. ముక్కు జాగ్రత్త."

ఆయన సేవాసమితి కార్యదర్శి. పుట్టుకతో గుండెజబ్బున్న పిల్లల ఆపరేషన్ల కోసం సమితి ఏటా వెన్న బిస్కెట్లు అమ్ముతుంది. 'ఒక డబ్బా కొనండి, ఒక చిన్ని గుండెని నిలపండి' అన్న మాట ఆయనే రాశాడు. బిస్కెట్ మాత్రం ఆమెది. మొదట్లో ఇంట్లో ఓవెన్ ముందు వారం రోజులు నిలబడి తనే కాల్చేది. మూడో ఏట ఎవరో పాచి వెన్న సరఫరా చేస్తే, గుమ్మంలోనే వాసన పట్టి వెనక్కి పంపింది. ఆయన ఆ కథకి ఉప్పూ కారం దట్టించి సమితి మీటింగులో చెప్పాడు. ఆ ఏటి నుంచి అదొక వేడుకైపోయింది. అమ్మకం మొదలయ్యే ముందు ఆమెని వేదిక ఎక్కిస్తారు. మొదటి బిస్కెట్ చేతికిస్తారు. ఆమె విరిచి, కళ్ళు మూసుకుని వాసన చూసి, మైకులో ఒకే ఒక్క మాట అంటుంది: "వెన్న." చప్పట్లు. గంట కొడతారు. జనం బల్లల మీద పడతారు.

సమితిలో ఆమెని ముక్కుగారు అంటారు. అత్తగారు కూడా ఆ ఒక్కరోజూ పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకి "మా కోడలే" అని చెప్పుకుంటుంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆమె గిన్నెలు తోమే మనిషి. ఆ ఒక్క నిమిషం మాత్రం మూడొందల మంది ఊపిరి బిగబట్టి ఆమె మాట కోసం చూస్తారు.

పోయినేడు ఆ నిమిషంలో ఆమె బిస్కెట్ విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. గాలి. నా బిస్కెట్టే కదా, నేను చెప్పిన పాళ్ళే కదా, వెన్న కాక ఇంకేముంటుంది అనుకుని, "వెన్న" అంది. చప్పట్లు కొట్టారు.

ఆ అబద్ధానికి కాళ్ళు వచ్చాయని ఆమెకి తెలిసింది ఈ శనివారం పదకొండింటికి, బేకరీలో.

డబ్బాలు రెండు వేలయ్యాయి. ఇంటి ఓవెన్ చాలక పోయినేటి నుంచి బేకరీకి అప్పగించారు. ఆమెకి మిగిలింది రిబ్బన్ల పని. "కూర్చుని చేసేదేగా, టీవీ చూస్తూ చేసేయొచ్చు," అన్నాడు భర్త. మూడు వారాలు కూర్చుని రెండు వేల పువ్వుముడులు వేసింది. చూపుడువేలు చర్మం ఊడింది. ఆ సంచులు ఇచ్చి వద్దామని వెళ్ళింది.

లోపల ఒకటే వేడి. బేకరీ మాస్టరు కనుబొమల దాకా పిండితో నిలబడి ట్రేలు లాగుతున్నాడు. బల్ల మీద తెల్లటి ముద్ద ఒకటి, దిండంత ఉంది. వెళ్తూ వెళ్తూ చిటికెడు గిల్లి అరచేతిలో పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది. వెన్నైతే చేతి వేడికి పది అంకెలు లెక్కపెట్టే లోపు జారడం మొదలుపెడుతుంది.

పది అయింది. ఇరవై అయింది. నలభై. అరచేతిలో అది కొవ్వొత్తి ముక్కలా కదలకుండా కూర్చుంది. నోట్లో వేసుకుంది. అంగిట్లో మైనం పూసినట్టు అంటుకుపోయింది.

"మాస్టరూ, ఇదేమిటి?"

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "మీరు అడుగుతున్నారేంటి మేడమ్? వనస్పతి. పక్కన సీసాలో వెన్న ఎసెన్సు, ఆ పొట్లంలో పసుపు రంగు. సార్ పంపించినవే."

"మరి వెన్న?"

"ఈ ఏడు చుక్క లేదు. పోయినేడు సగమన్నా ఉంది."

"పోయినేడు కూడానా?"

"మీకు తెలుసనుకున్నామండీ!" మాస్టరు చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. "మేమంతా హాలు వెనకాల నిలబడి వణుకుతున్నాం. ముక్కుగారు వాసన చూస్తారు, గుట్టు బయటపడిపోతుంది అని. నేనైతే పాత చొక్కా వేసుకుని వచ్చాను, ఎలాగూ తిట్లు తినేదే కదా, మంచి చొక్కా దేనికని. తీరా మీరు వెన్న అన్నారు. 'మేడమ్ కూడా సార్ పార్టీయేరా' అనుకుని ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాం."

ఆమె గోడకి ఆనించి ఉన్న ఖాళీ వనస్పతి డబ్బా దగ్గర కూర్చుని, తడి చేత్తో దాని మీద కాగితాన్ని ఒక మూల నుంచి ఊడదీసింది. చిరగకుండా ఊడదీయడానికి చాలాసేపు పట్టింది. మాస్టరు చూస్తూ నిలబడ్డాడు.

"నా ఉద్యోగం ఉంటుందా మేడమ్?" అన్నాడు చివరికి.

"మీరు చెప్పినట్టు ఎవరికీ చెప్పను. డబ్బా మీద రాసే ఉంది కదా," అంది.

ఇంటికి వచ్చేసరికి భర్త భోజనాల బల్ల మీద ఉపన్యాసం రాసుకుంటున్నాడు. ఎదురుగా రేపటి పోస్టరు ఉంది. అందులో ఐదేళ్ళ పాప, నీలంగా మారిన పెదవులతో నవ్వుతోంది. ఆమె ఫ్రిజ్ మీద అయస్కాంతానికి ఉన్న కాగితం తీసి పోస్టరు మీద పెట్టింది. అత్తగారి గుండెకి స్టెంటు వేసిన రోజు డాక్టరు ఇచ్చిన కాగితం అది. తినకూడనివాటిలో మొదటి మాటే వనస్పతి. నాలుగేళ్ళుగా ఆ కాగితం ప్రకారం ఆమె రెండు రకాల కూరలు వండుతోంది. పక్కన బేకరీలో ఊడదీసిన కాగితం కూడా పరిచింది.

ఆయన రెండూ చూసి పెన్ను మూత పెట్టాడు. "నెమ్మదిగా మాట్లాడు. అమ్మ వింటుంది."

"వినాల్సింది ఆవిడే. పోయినేటి డబ్బాలు మంచం కింద పెట్టుకుని, వెన్న కదా, కోడలు చేసింది కదా అని ఆర్నెల్లు తిన్నారు. నేనే ఆవిడకి టీలోకి ఇచ్చాను."

"రెండు వేల డబ్బాలు! వెన్నతో చేస్తే ఆ పాపకి చివరికి మిగిలేది నీ రిబ్బన్లే. ఏడాదికోసారి నాలుగు బిస్కెట్లు తింటే ఎవరి గుండే ఆగిపోదు. అవి అమ్మకపోతే మాత్రం ఈ పిల్ల గుండె ఆగుతుంది. చెప్పు, ఏది తప్పు?"

ఆయన దొంగ కాదు. అందులోంచి ఒక్క పైసా ఇంటికి తేలేదు. అదే కష్టంగా ఉంది. దొంగైతే ఎంత తేలిగ్గా ఉండేది!

"వెన్న అని ఎందుకు రాశారు మరి?"

"వనస్పతి అని రాస్తే కొంటారా?" ఆయన నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు, పెద్ద రహస్యం పంచుకుంటున్నట్టు. "ఇంకో సంగతి విను. పోయినేడు కమిటీలో అందరూ వద్దన్నారు. మీ ఆవిడ ముక్కు ముందు ఇది నిలవదు సార్ అన్నారు. నేనే సగం కలిపి చూద్దామన్నాను. నువ్వే మాకు పరీక్ష. నువ్వు పాస్ చేశావు. నువ్వు పాస్ చేశావు కాబట్టే ఈ ఏడు మొత్తం మార్చాం. నీ ముక్కుకే తెలియనిది ఊళ్ళో ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

"నమ్మవా? ఉండు." ఆయన హుషారుగా లేచాడు. మొన్న తల్లి కోసం ఆమె ఇంట్లో కాల్చిన బిస్కెట్ ఒకటి, బేకరీ నుంచి వచ్చిన శాంపిల్ ఒకటి తెచ్చాడు. "కళ్ళు మూసుకో. ముట్టుకోవద్దు, నేనే పట్టుకుంటాను. ఏది వెన్నో చెప్పు."

కళ్ళు మూసుకుంది. ముక్కుకి ఎడమ పక్క గాలి. కుడి పక్క గాలి. ఆయన మునివేళ్ళ వెచ్చదనం చెంపకి తెలుస్తోంది. ఇంత దగ్గరగా ఈ మనిషి తన మొహంలోకి చూసి ఎన్నాళ్ళైంది అనుకుంది. ఇప్పుడు చూస్తున్నాడు. అంగుళం దూరం నుంచి, నిమిషం పాటు, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఇప్పుడైనా కనిపిస్తుందా? ముక్కుపుటాలు ఊరికే కదులుతున్నాయని, ఈ మొహం వెనకాల ఏడాదిన్నరగా ఒక గది ఖాళీగా ఉందని ఈయనకి తెలుస్తుందా? తెలిస్తే బాగుండును. తెలిసి, బిస్కెట్లు పక్కన పడేసి, ఏమైంది నీకు అని ఒక్క మాట అంటే చాలు, రేపు ఏం చేయాలో ఇద్దరం కూర్చుని ఆలోచించుకోవచ్చు.

"చెప్పలేకపోయావు! అదీ సంగతి," అన్నాడాయన సంబరంగా. బేకరీ బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు. "ముక్కు పౌరుషం కోసం పిల్ల ఆపరేషన్ ఆపుకోలేం కదా. రేపు ఎప్పటిలా ఒక్క మాట. అంతే."

ఆ మధ్యాహ్నమంతా ఆమె అదే లెక్క వేసుకుంది. డబ్బాలో ఉన్నది చెప్పడం కష్టం కాదు. కాగితం ఉంది. కానీ చెప్పగానే ఎవరో ఒకరు లేచి, పోయినేడు మీరే కదండీ వెన్నన్నారు అని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలంటే తన అబద్ధమే ముందు విప్పాలి. విప్పాక ఆ హాల్లో ఆమె ఎవరు? ముక్కు లేని ముక్కుగారు. రేపటి తర్వాత ఆ ఒక్క నిమిషం కూడా పోతుంది. ఏడాది పొడుగునా ఎవరూ చూడని మనిషి, చూసే ఆ ఒక్క నిమిషాన్నీ చేతులారా పడేసుకోవాలి.

గిన్నెలు తోమేసింది. స్టవ్ పిడి మూడుసార్లు తడిమింది.

ఆదివారం పదింటికి హాలు నిండిపోయింది. బల్లల మీద డబ్బాలు గుట్టలుగా పేర్చారు, ప్రతిదాని మీదా ఆమె ముడి. అత్తగారు మొదటి వరసలో కూర్చుని పక్కావిడతో అప్పుడే, "మా కోడలే," అంటోంది. అదే వరసలో పోస్టరు మీది పాప, వాళ్ళమ్మ ఒళ్ళో ఉంది. పోస్టరు మీద కంటే చిన్నగా ఉంది. నాలుగు మెట్లు ఎక్కి వచ్చినందుకే ఆయాసపడుతోంది. ఫోటో కోసం కార్యదర్శిగారు వంగి ఆ పిల్ల చేతిలో ఒక డబ్బా పెట్టాడు. ఫ్లాష్ వెలిగింది. పిల్ల రిబ్బన్ లాగేసి, మూత తీసి, ఒక బిస్కెట్ నోటి దాకా తీసుకెళ్ళింది.

వాళ్ళమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు తల్లీ. ఆ ఆంటీ వాసన చూసి చెప్పాక తిందువుగాని."

పాప బిస్కెట్ పట్టుకుని వేదిక వంక చూస్తూ కూర్చుంది. వేదిక మీద నిలబడ్డ ఆమె ఆ పిల్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"ఇప్పుడు మన ముక్కుగారు!" అన్నాడు భర్త మైకులో. చప్పట్లు. పళ్ళెంలో మొదటి బిస్కెట్ వచ్చింది.

ఆమె తీసుకుంది. విరిచింది. హాలు వెనకాల పాత చొక్కా వేసుకుని బేకరీ మాస్టరు నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు. బిస్కెట్ ముక్కు దాకా ఎత్తనూ లేదు. రెండు ముక్కలూ పళ్ళెంలో పెట్టేసింది.

"నాకు వాసన తెలియదు," అంది.

జనం నవ్వారు. ఏదో కొత్త తమాషా అనుకున్నారు. ముందు వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"నిజంగానే చెప్తున్నాను. పోయినేడు కూడా తెలియదు. తెలియకుండానే వెన్న అన్నాను. అది అబద్ధం. నేను చెప్పానని మీరు తిన్నారు, మీ పిల్లలకి పెట్టారు. వీటిల్లో వెన్న లేదు." చేతిసంచిలోంచి కాగితం తీసింది. ఎండి బిరుసెక్కిన ఆ కాగితం మడత విప్పుతోంటే మైకులో చప్పుడైంది. దాని మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. కొవ్వు పేరు, అందులో ఎంత శాతం ఏముందో, అన్నీ. "దీన్లో ఎసెన్సు, రంగు కలిపారు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు తినకూడదని డాక్టర్లు రాసిచ్చే కొవ్వు ఇది. పాప కోసం మీరు ఇవ్వాలనుకున్నది ఇవ్వండి, దయచేసి ఇవ్వండి. డబ్బా తీసుకునేవాళ్ళు మాత్రం లోపల ఏముందో తెలిసి తీసుకోండి."

పాప వాళ్ళమ్మ పిల్ల చేతిలోంచి బిస్కెట్ మెల్లగా తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ ఊడిపోయిన రిబ్బన్‌ని ఏం చేయాలో తెలియనట్టు వేలికి చుట్టుకుంది.

భర్త చేత్తో మైకు మూశాడు. పళ్ళ బిగువున, "ఏం చేస్తున్నావో తెలుస్తోందా?" అన్నాడు. జనం వైపు తిరిగి గొంతు పెంచాడు: "క్షమించాలి, ఆవిడకి ఒంట్లో బాగాలేదు. కాస్త జలుబు. జలుబు తగ్గితే అదే..."

సగంలో ఆగిపోయాడు. ఆ మాట తను ఇదివరకెప్పుడో అన్నట్టు లీలగా గుర్తొచ్చి ఉండాలి. ఎప్పుడన్నాడో మాత్రం గుర్తురాలేదు, మొహంలో ఆ వెతుకులాట కనిపిస్తూనే ఉంది. ఆమె సాయం చేయలేదు.

మొదటి వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తగారు లేచి నిలబడింది. ఒక చెయ్యి ముందున్న బల్ల మీద ఆనించింది, రెండోది తెలియకుండానే గుండె దగ్గరికి పోయింది. ఆవిడ కొడుకు వంక చూడలేదు. బిస్కెట్ల వంక చూడలేదు. కోడలి మొహం వంక చూస్తోంది, కళ్ళు చిట్లించుకుని, నిన్న పాలగిన్నెలోకి చూసినంత అనుమానంగా.

"ఎప్పట్నించే?" అంది.

మైకు అక్కర్లేదు. హాలంతా వినిపించింది. ఏడాదిన్నరలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. ఆమె వేదిక అంచు దాకా వచ్చి, చిన్నగా, కోపం లేకుండా జవాబు చెప్పింది.

"వాసన లేకపోతే ఏం, చేతులున్నాయిగా అన్నారు చూడండి. ఆ రోజు నుంచి అత్తయ్యా."